తిన్నింటి వాసాలు

నలభై ఒక్క ఇళ్ళకు పైకప్పు కట్టాను.
ఒక్కదాని కిందా కూర్చుని భోంచెయ్యలేదు.

ఎల్బె నది పక్కన, కరకట్ట వెనక
ఆపిల్ తోటల నేల ఇది.
ఇక్కడ ఆఖరి వాసం నిలబడ్డ రోజు,
పెంకులింకా ఎక్కకముందే,
ఆకులూ రిబ్బన్లూ చుట్టిన చక్రమొకటి
వెన్నుదూలానికి వేలాడదీస్తారు.
ఇంటివాళ్ళు పనివాళ్ళందరికీ వడ్డిస్తారు:
బఠాణీల సూపు, రొట్టె, గొంతు కాల్చే సారా.
మేస్త్రీ పైకెక్కి నాలుగు మంచిమాటలు చెప్పి
గ్లాసు ఖాళీ చేసి కిందికి విసురుతాడు.
భళ్ళున పగిలితే ఆ ఇంటికి మేలు.

ఆ చప్పుడు నేనెప్పుడూ
వ్యాన్ అద్దం ఎత్తుతూనే విన్నాను.
తర్వాతి ఇంటి కొలతలు ఎవరు తీస్తారు?
నడుముకి టేపు, చెవిమీద పెన్సిలు.
నిన్న ఏం తిన్నావంటే చెప్పలేను,
ఏ వాసం ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో
ఇరవై రెండేళ్ళ కిందటిదైనా చెబుతాను.

పని నేర్పిన హిన్నెర్క్ మేస్త్రీ
"బాగుంది" అని ఏనాడూ అనలేదు.
"తర్వాత?" అనేవాడు.
ఆయన పోయి పదకొండేళ్ళు.
నా గొంతులోంచి ఇంకా ఆయనే అడుగుతున్నాడు.

ఈసారి డెట్లెఫ్‌కి జలుబు, మాట పెగల్లేదు.
"వీబ్కె, నువ్వే" అని చేత్తో పైకి చూపించాడు.
వ్యాన్ వైపు చూశాను.
దాని వెనక రెండు ట్రాక్టర్లు, సూపు బండి,
ఎవరిదో ముసలాయనది నడకబండి.

ఎక్కాను.
వెన్నుదూలం మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటే
సుత్తి లేని చేతులు
ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.
పొగమంచు కాస్త విడింది.
కట్ట అవతల ఫైర్ స్టేషన్ ఎర్ర కప్పు,
దాని పక్కన బడి,
మలుపులో గేసీనె వాళ్ళ పశువుల కొట్టం.
నా మొదటి కప్పు అది. కుడివైపు కొంచెం వంగింది.
ఆ వంకరకి నేనెన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకున్నానో!
దాని కింద ఆవులు ఇన్నేళ్ళూ
హాయిగా పడుకుని నెమరేసుకున్నాయి.

నాకు మింగడమే వచ్చు.

డెట్లెఫ్ రాసిచ్చిన కాగితం గాలికి పోయింది.
తోచింది చెప్పాను:
"కలప బాగా ఎండింది. కీళ్ళు బిగుసుగా కూర్చున్నాయి.
తామ్మె కోసిన తొమ్మిదో వాసం..."
రెండు మిల్లీమీటర్లు.
కింద కుర్రాడి మెడ చెవులదాకా ఎర్రబడింది.
పంతొమ్మిదేళ్ళు వాడికి.
"తామ్మె కోసిన తొమ్మిదో వాసం బాగుంది."
ఆ మాట నన్ను కొత్త చెప్పులా కరిచింది.

గ్లాసు విసిరాను.
ఇసక కుప్పలో మెత్తగా పడింది.
పగల్లేదు.

ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తీయలేదు.
ఆ వెంటనే ఇల్లంతా నవ్వు, గోడల్లేని ఇంట్లో.
ఏదీ విరక్కుండా చూడ్డమే బతుకనుకున్నదానికి
ఒక్క గ్లాసు పగలగొట్టడం చేతకాలేదు.

తామ్మె దాన్ని చొక్కాతో తుడిచి
మళ్ళీ నింపి నిచ్చెనెక్కి తెచ్చాడు.
"తొందరేం లేదు మేస్త్రీ" అన్నాడు.
ఈసారి గుక్క గుక్కకీ ఆగి తాగాను.
ఇటుకల వైపు విసిరాను.

దగ్గర్నుంచి వింటే
ఆ భళ్ళుమనే చప్పుడు చివర
సన్నటి గజ్జెల తోకొకటి ఉంటుంది.
ఇన్నాళ్ళూ వ్యాన్ అద్దం దాన్ని కత్తిరించేసింది.

కిందికి దిగి, పలక మీద కూర్చుని, సూపు.
జేబులో ఫోను రెండుసార్లు అదిరింది.
"తర్వాత" అన్నాను దానితో.
ఆ మాటకి ప్రశ్నార్థకం లేకుండా పలకడం
ఇదే మొదటిసారి.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
రెండో గిన్నె దగ్గర నా కళ్ళు ఆగలేదు.
ఒకటి, రెండు, మూడు...
మధ్యమధ్య ఆకాశం చారలు చారలుగా.
పక్కన తామ్మె నమలడం మానేసి నన్నే చూస్తున్నాడు.
పద్నాలుగు దగ్గర
ఎండ కళ్ళలో పడి లెక్క తప్పింది.

మళ్ళీ మొదలుపెట్టలేదు.
"ఆ రొట్టె ఇలా అందుకో" అన్నాను.